నీలమ్మగారి గాజులు, దక్షిణ ధ్రువపు మంచు

1967వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీమతి నీలమ్మగారు కంచన్‌బాగ్‌లోని మన లోహ విశ్లేషణశాలలో దినకూలీ మీద ఊడ్చే పనికి చేరారు. ఆ రోజు హాజరుపట్టీలో వారి పేరుకు ఎదురుగా ఉన్నది బొటనవేలి ముద్ర. ఈ మార్చి ముప్పై ఒకటవ తేదీ, గురువారం సాయంత్రం సీనియర్ ప్రయోగశాల సహాయకురాలిగా పదవీ విరమణ చేస్తూ అదే పట్టీలో వారు చేయబోయేది పొందికైన తెలుగు సంతకం. ఈ రెంటికీ మధ్య ఇరవై సంవత్సరాల తొమ్మిది నెలల పంతొమ్మిది రోజుల సేవాకాలం ఉంది. ఈ లెక్క పరిపాలనా విభాగం వారు వేసినదే అయినా నేను మళ్ళీ సరిచూసుకున్నాను. అంకెల విషయంలో ఒకసారి తొందరపడి భంగపడినవాణ్ణి నేను; ఆ భంగపాటుకు నీలమ్మగారే సాక్షి.

విరమణ సంచికకు వ్యాసం రాయమని కోరుతూ సంపాదకవర్గం వారు "ఆనవాయితీ తప్పకుండా రాయండి, అమరనాథ్ గారూ" అని ముందుగానే నన్ను హెచ్చరించారు. మన ఆనవాయితీ ఏమిటో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. ఈ కార్యాలయంలో పదవీ విరమణ చేసిన ప్రతివారూ మితభాషులు, సౌమ్యమూర్తులు, ఎన్నడూ ఎవరినీ నొప్పించనివారు. నీలమ్మగారు మితభాషిణి కారు. కడుగుగదిలో ఆరబెట్టిన పాత్రను ఎవరైనా ఉత్తచేత్తో ముట్టుకుంటే, ముట్టుకున్నది ఎంతటి అధికారి అయినా సరే, ఆ తరువాతి మాటలు వరండా చివరిదాకా వినిపించేవి. కనుక ఆనవాయితీని సాధ్యమైనంత వరకు గౌరవిస్తాను. నిజం అడ్డు వచ్చినచోట మాత్రం ఆనవాయితీనే కాస్త పక్కకు జరుపుతాను. పైగా నాలుగేళ్ళ క్రితం రాయవలసిన చోట నేను రాయకుండా వదిలేసిన ఒక పేరు ఉంది. దానిని ఇప్పటికైనా అచ్చులో చూడాలన్నది నా కోరిక.

నీలమ్మగారి భర్త శ్రీ ఆగయ్యగారు యాకుత్‌పురా రైల్వే స్టేషనులో సిగ్నలు దీపాల పని చూసేవారు. దీపాలలో నూనె పోయడం, వత్తులు కత్తిరించడం, మసిపట్టిన చిమ్నీలను శుభ్రం చేయడం ఆయన విధి. చిమ్నీలు ఎక్కువైన రోజుల్లో కొన్ని ఇంటికి వచ్చేవి, వాటిని నీలమ్మగారు కడిగేవారు. ఈ సంగతి మనకు తెలిసింది 1971లో. కడుగుగది మనుషులిద్దరూ సెలవు పెట్టిన ఒకనాడు, మన విభాగాధిపతి డాక్టర్ విశ్వేశ్వర్ గారు గత్యంతరం లేక, వరండా ఊడుస్తున్న నీలమ్మగారికి పన్నెండు బీకర్లు అప్పగించారు. తిరిగివచ్చి చూసేసరికి ఆమె ప్రతి బీకరునూ కిటికీ వెలుతురుకు ఎత్తి, వంచి, తదేకంగా చూస్తున్నారట. ఏమి చూస్తున్నావని ఆయన అడిగారు.

"నీళ్ళు ఒక్క తెర లెక్క జారాలె సారూ. బొట్లు బొట్లు నిలవడ్డయంటే జిడ్డున్నట్టే. మా ఇంట్ల చిమ్నీలు గిట్లనే చూస్తం. జిడ్డుంటే మసి తొందరగ పడ్తది, డ్రైవరుకు దీపం కనవడది."

రసాయనశాస్త్ర విద్యార్థులకు కళాశాలలో నేర్పే పరీక్ష అది. సగం మంది పట్టా పుచ్చుకున్న మరునాడే దానిని మరిచిపోతారు; ఆ సగంలో నేనూ ఉన్నాను. విశ్వేశ్వర్ గారు అప్పటికప్పుడు పరిపాలనా విభాగానికి చీటీ రాశారు, మరుసటి వారమే నీలమ్మగారు చీపురు వదిలి కడుగుగదిలోకి వచ్చారు. 1974లో వారి ఉద్యోగం ఖాయమైంది. అక్కడి సహోద్యోగి శ్రీ సీమోను వారికి అక్షరాలు నేర్పారు. అందరూ మొదట తమ పేరు రాయడం నేర్చుకుంటారు, వీరు మొదట చదవడం నేర్చుకున్నది బాటిళ్ళ మీది చీటీలు. "నా పేరు నాకెరుకనే గద తమ్మీ, ఆమ్లం పేరు ముందు చెప్పు" అన్నారని సీమోను ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. జామకాయల కాలంలో నీలమ్మగారు బార్కస్ నుంచి సంచీ నిండా జామకాయలు తెచ్చి విభాగమంతా పంచేవారు. వాటిని తినవలసింది మాత్రం మెట్ల దగ్గరే, చేతులు కడుక్కున్నాకే లోపలికి ప్రవేశం.

ఇక, ఈ వ్యాసం దేనికోసం రాస్తున్నానో ఆ ఘట్టానికి వస్తాను.

1983లో దక్షిణ ధ్రువ ఖండానికి వెళుతున్న మన దేశ యాత్రికుల బృందం అక్కడి మంచును తెచ్చి ఇస్తాము, అందులో సీసం ఎంత ఉందో చూసి చెప్పగలరా అని మన విభాగాన్ని అడిగింది. పెట్రోలు పొగలోనూ, లోహాలు కరిగించే కొలుముల పొగలోనూ సీసం ఉంటుంది. అది గాలిలో ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలుసుకోవాలంటే, మనుషులూ వాహనాలూ లేని చోట ఏళ్ళ తరబడి పొరలు పొరలుగా పేరుకున్న మంచును మించిన ఆధారం లేదు. చిక్కు ఏమిటంటే అక్కడ దొరికే సీసం అత్యల్పం, మన ఊళ్ళో దుమ్ములో ఉండే సీసం అపారం. మన చొక్కా మీది ధూళి కణం ఒకటి బాటిల్‌లో పడినా, లెక్కకు వచ్చేది మన చొక్కాయే గాని ధ్రువపు మంచు కాదు. అందువల్ల ఈ పరిశోధనలో యంత్రం ఎంత ముఖ్యమో కడిగే చెయ్యి అంతకన్నా ముఖ్యం.

యాత్రకు పంపవలసిన నలభై పాలిథీన్ బాటిళ్ళను నీలమ్మగారు మూడు నెలల పాటు, ఒక ఆమ్లంలోంచి తీసి మరొక ఆమ్లంలో నానబెడుతూ శుద్ధి చేశారు. అక్టోబరులో వాటిని సంచులలో పెట్టి మూతి బిగిస్తూ నన్ను అడిగారు.

"గాడ ఊళ్ళు లేవా సారూ?"

"లేవు."

"మోటార్లు?"

"అవీ లేవు."

"మరి గాడ సీసం ఎవలు వోసిండ్రు?"

అది తెలుసుకోవడానికే ఈ ప్రయత్నమంతా అని చెప్పాను. ఆమె తల పంకించి చివరి సంచీకి ముడి వేశారు.

1984 జనవరిలో ఒక చిన్న విషయం జరిగింది. నీలమ్మగారి మట్టిగాజు తగిలి, కొత్తగా తెప్పించిన టెఫ్లాన్ పాత్ర ఒకదాని మీద గీత పడింది. గీతపడిన పాత్ర ఇటువంటి పనికి పనికిరాదు. నాకు కష్టం కలిగి, "గాజులు చూసుకో నీలమ్మా" అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు, అనగలిగిన మాట కూడా కాదు అది. కడుగుగది తలుపు మీద వాచీలు, ఉంగరాలు, పెన్నులు బయటనే వదలవలెనని నేనే టైపు చేయించి అంటించిన నియమాల కాగితం ఉండేది. అందులో గాజుల ఊసు లేదు. ముత్తైదువును చేతిగాజులు తీయమని ఏ నోటితో అంటాము? అది మర్యాద అనుకున్నాము. ఆ ఆదివారం ఆమె లాడ్ బజారుకు వెళ్ళి పసుపుపచ్చని లక్కగాజుల జత కొనుక్కుని వచ్చారు. సోమవారం పొద్దున రెండు చేతులూ చాచి చూపించారు.

"ఇగ ఫికర్ లేదు సారూ. లక్క మెత్తగుంటది, గీత వడది."

"మంచి పని చేశావు" అని మెచ్చుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను ఇచ్చిన ప్రశంసలలో ఇంత అనర్థం తెచ్చినది మరొకటి లేదు.

ఏప్రిల్‌లో మంచు వచ్చింది. ఐసుపెట్టెలలో, గోవా రేవు నుంచి రైలు మీద, నలభై బాటిళ్ళూ చెక్కుచెదరకుండా వచ్చాయి. వాటిలో ఆరింటిని విప్పి, కడిగిన పాత్రలలో కరిగించి, యంత్రంలో పెట్టాను. గ్రాఫు కాగితం మీద పెన్ను చూపిన అంకె మేము ఊహించిన దానికి వంద రెట్లకు పైగా ఉంది. ఉబ్బితబ్బిబ్బయ్యాను. మనుషులే లేని చోట ఇంత సీసమా, లోకానికి ఈ మాట చెప్పబోయేది కంచన్‌బాగ్ నుంచి నేనా అనుకుంటూ ఒక్క రోజులో పద్దెనిమిది పుటల నివేదిక రాసి విశ్వేశ్వర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి పుట కూడా తిప్పలేదు.

"బ్లాంకు ఎంత వచ్చింది?" అని అడిగారు.

బ్లాంకు అంటే మంచు ఏమీ లేకుండా, ఉత్త శుద్ధజలాన్ని అవే పాత్రలలో పోసి చూసే పరీక్ష. అందులో సీసం కనబడితే అది మన గదిదే. జనవరి మొదటివారంలో తీసిన బ్లాంకు చాలా బాగుందని చెప్పాను.

"ఇవాళ్టిది తియ్యి" అన్నారాయన.

తీశాను. ఉత్త నీళ్ళలో కూడా దాదాపు అదే అంకె వచ్చింది. నేను లోకానికి చాటబోయిన ధ్రువపు సీసం ఎక్కడిదో కాదు, కంచన్‌బాగ్‌దే.

ఆ తరువాత రెండు నెలలు మేము పడిన పాట్లు పాఠకులలో చాలామంది చూసినవే. గోడల రంగు గీకించాము. నీటిని మూడుసార్లు స్వేదనం చేశాము. ఆమ్లం మార్చాము. స్కూటర్లన్నింటినీ షెడ్డు నుంచి గేటు అవతలికి తరిమాము. ఆ ఎండలో నడిచి వచ్చిన మిత్రులు నన్ను ఏమని తిట్టుకున్నారో తెలియనివాణ్ణి కాను. అయినా బ్లాంకు తగ్గలేదు. జూన్‌లో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. జులై పదిహేను లోపల శుభ్రమైన బ్లాంకు చూపలేకపోతే, విప్పకుండా మిగిలిన ముప్పై నాలుగు బాటిళ్ళనూ వేరొక ప్రయోగశాలకు పంపివేయాలని అందులో ఉంది. ఈ పని చేతకాదని మనంతట మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని విశ్వేశ్వర్ గారు ఒక్క మాట అని ఊరుకున్నారు.

అదే వారంలో ఆగయ్యగారికి గుండెనొప్పి వచ్చి లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో చేర్చారు. నీలమ్మగారు ఐదు రోజులు సెలవు పెట్టారు. ఆ ఐదు రోజులూ సీమోను పాత్రలు కడిగారు. ఆరవ రోజు బ్లాంకు తీస్తే అంకె ఒక్కసారిగా మూడో వంతుకు పడిపోయింది.

నేను మళ్ళీ తొందరపడ్డాను. లోపం నీలమ్మగారి చేతిలోనే ఉందనీ, ఆమెను తిరిగి వరండా పనికి పంపివేయడం మంచిదనీ విశ్వేశ్వర్ గారితో అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆస్పత్రి నుంచి భర్తను ఇంటికి చేర్చి పనికి వచ్చిన రోజునే ఆమె ముఖం మీద కూడా ఆ మాట అన్నాను. "నీ పని మందగించింది నీలమ్మా, సీమోను నీకన్నా శుభ్రంగా కడిగాడు" అన్నాను. వరండా చివరిదాకా వినిపించే ఆ గొంతు ఆ రోజు లేవలేదు. ఆమె గ్లవుజులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. పదమూడేళ్ళలో ఆమె జవాబు చెప్పకుండా వెళ్ళిన రోజు అదొక్కటే. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మూడవ రోజు ఉదయం ఆమె ఒక చిన్న బాటిల్ పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డారు. వెనుక సీమోను ఉన్నారు.

"సీమోను నాకంటే మంచిగ కడుగడు సారూ. ఆ సంగతి ఆయనకు గూడ ఎరుకే."

"అక్క చెప్పేది నిజం సార్" అన్నారు సీమోను.

"మరి ఆయన కడిగితే తక్కువెందుకొచ్చింది? మూడు దినాలు గదే సోంచాయించిన. నీళ్ళు అవే, ఆమ్లం అదే, గ్లవుజులు అవే. సీమోను చేతులకు లేంది నా చేతులకేముంది?" అని ఆమె ముంజేతులు ముందుకు చాచారు. "గాజులే ఉన్నయి. గ్లవుజులు మణికట్టు కాడికే వస్తయి. పైన గాజులు రాసుకుంట ఉంటయి, వాటికి ఆమ్లం తాకుతనే ఉంటది. నిన్న పొద్దుగాల ఒక లక్కగాజు పెచ్చు గీ బాటిల్ల ఆమ్లంల నానవెట్టిన. మీ మిషన్ల వెట్టి చూడున్రి."

చూశాము. పెన్ను గ్రాఫు కాగితం అంచు దాటి, చట్రానికి కొట్టుకుని ఆగిపోయింది. ఆ పసుపుపచ్చ రంగులో ఉన్నదంతా సీసమే. టెఫ్లాన్ పాత్రకు గీత పడకూడదని ఆమె కొనుక్కున్న గాజులే, నేను మెచ్చుకున్న ఆ గాజులే, ఐదు నెలలుగా మా పాత్రలలోకి రాలుతున్నాయి. ఆమె నా వైపు తిరిగారు.

"ఇగ నా పని మందగించిందంటరా సారూ?"

అననని చెప్పాను. క్షమాపణ చెప్పాలన్న ఇంగితం మాత్రం అప్పటికి కలగలేదు.

కారణం తెలిసింది గాని పరిష్కారం దొరకలేదు. సీమోను చేత కడిగిస్తే బ్లాంకు మూడో వంతుకు వచ్చి అక్కడే ఆగిపోతోంది, మంచుకు కావలసింది అందులో యాభయ్యో వంతు. లక్కగాజులు తీసి మట్టిగాజులు వేసుకుంటే పాత్రలకు గీతలు, పైగా వాటి రంగుల్లో ఏముందో ఎవరికి తెలుసు? కావలసింది నీలమ్మగారి చేతులు, వాటికి ఏమీ ఉండకూడదు. ఆ మాట అనడానికి విశ్వేశ్వర్ గారికి నోరు రాలేదు, నాకూ రాలేదు. భర్త గుండెనొప్పితో మంచం మీద ఉన్న ముత్తైదువుతో అనదగిన మాట కాదది. గడువుకు పదిహేను రోజులు ఉంది.

ఆదివారం నాడు ఆగయ్యగారిని చూసే నెపంతో నేనూ సీమోనూ యాకుత్‌పురా వెళ్ళాము. స్టేషను వెనుక రెండు గదుల ఇల్లు. ఆగయ్యగారు నులకమంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. వారి తల్లి కాశమ్మగారు గడప పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్నారు. నేను ఏమి అడగడానికి వచ్చానో నీలమ్మగారు అప్పటికే ఇంట్లో చెప్పారని ఆ పెద్దావిడ చూపులోనే తెలిసింది.

"గాజులు తియ్యమన్న సారు గీయనేనా?" అన్నారు కాశమ్మగారు.

నేనింకా అనలేదని చెప్పబోయి, అది కుంటిసాకని తోచి ఊరుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి రెండు చేతులూ నా ముందుకు చాచారు.

"నా చేతులు చూడు బిడ్డా. ముసలాయన పోయి పంతొమ్మిదేండ్లాయె. ఉత్త చేతులు ఎట్లుంటయో నాకెరుక. నా కొడుకు ఆస్పత్రి నుంచి వచ్చి వారం గాలే. గిప్పుడు దాని గాజులు తీయాల్నా?"

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. మంచం మీది నుంచి ఆగయ్యగారు నెమ్మదిగా మాట్లాడారు.

"అమ్మా, డాక్టరు నాకు గోలీలిచ్చిండు, ఉప్పు తక్కువ తినమన్నడు. దీని గాజుల ముచ్చట ఏం జెప్పలే."

"నవ్వులాటనారా నీకు?"

"నవ్వులాట గాదే. ముప్పై ఏండ్లు దీపాలు తుడిచిన నేను. ఒక్క చిమ్నీ మసిగుంటే బండి ఆగుతది, నన్నే అడుగుతరు. గీ సారు దీన్ని శుభ్రం లేదన్నడు, వరండ ఊడ్వుమన్నడు. మూడు దినాలు అన్నం ముట్టలే గిది. తప్పు ఏడుందో గిదే దొర్కవట్టింది. గిప్పుడు వేరేటోళ్ళు కడిగితే, నీలమ్మ చేతగాక పోయిందనే అంటరు."

నీలమ్మగారు పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు. అప్పుడు నాకు తెలిసింది, నా ఒక్క మాట ఆ ఇంట్లో మూడు రోజులు ఏమి చేసిందో. ఢిల్లీ ఉత్తరం, నా నివేదిక, మన ప్రయోగశాల పరువు అన్నీ ఒక ఎత్తు; ఆమెకు కావలసింది తన చేతి పని శుభ్రమైనదని తేలడం, అంతే. "తప్పు నాది నీలమ్మగారూ, ఆ మాట అనవలసింది కాదు" అని అక్కడే, వారి అత్తగారి ముందే అన్నాను. వారిని నేను గారు అని పిలవడం అదే మొదలు.

కాశమ్మగారు చాలాసేపు బియ్యం ఏరారు. తరువాత తల ఎత్తకుండానే తన షరతులు చెప్పారు.

"ఉత్త చేతులతోని గడప దాటొద్దు, బజార్ల నడవొద్దు. ఆడికి వొయినంకనే తీయాలె, బయలెల్లే ముందట ఏసుకోవాలె. అవి నేల మీద వెట్టొద్దు, గోడ మొలకు తగిలియ్యొద్దు." ఆపైన నన్ను చూశారు. "నువ్వు తీయమన్నవు గద, నువ్వే దాయాలె. ఇంకెవ్వల చేతికియ్యొద్దు."

ఒప్పుకున్నాను. మరునాడు ఉదయం తొమ్మిదింటికి నీలమ్మగారు నా గదికి వచ్చి, కొత్త మట్టిగాజులు ఒక్కొక్కటే తీసి, తెల్లని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. "జర పైలం సారూ" అని జాగ్రత్త చెప్పారు. వాటిని నా బల్ల కుడివైపు పై సొరుగులో పెట్టాను. ఆ సొరుగులోని కాగితాలన్నీ ముందే ఖాళీ చేసి ఉంచాను. సాయంత్రం ఐదున్నరకు ఆమె వచ్చి, చేతులు తుడుచుకుని, నా ఎదుటనే గాజులు వేసుకుని ఇంటికి వెళ్ళారు.

జులై పదకొండున తీసిన బ్లాంకులో పెన్ను కాగితం అడుగు గీతను దాదాపు వదలలేదు. విశ్వేశ్వర్ గారు ఆ కాగితాన్ని నా చేతికి ఇవ్వలేదు. తామే కడుగుగదికి తీసుకువెళ్ళి నీలమ్మగారికి చూపించారు. ముప్పై నాలుగు బాటిళ్ళూ మన దగ్గరే ఉండిపోయాయి. వాటిలో మేము కనుగొన్న సీసం, వెయ్యి టన్నుల మంచు కరిగించినా ఒక బియ్యపు గింజంత బరువు తూగదు. నా పద్దెనిమిది పుటల నివేదిక చెత్తబుట్టకు చేరింది, అందుకు నేను సదా సంతోషిస్తాను. కాని ఆ గింజంత సీసం మాత్రం నిజంగా ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు నీలమ్మగారు చేతిలోని బీకరు కింద పెట్టారు.

"అంటే మన మోటార్ల పొగ గాడిదాంక వొయిందన్నట్టే గద సారూ."

"ఏ ఊరి మోటార్లో చెప్పలేము గాని, మనుషులదే అనుకుంటున్నాము."

"గంత దూరం వొయింది సూడు" అని ఆమె మళ్ళీ పనిలో పడ్డారు.

ఆ ఏడాది చివర మేము ఢిల్లీకి పంపిన అసలు నివేదికలో చివరి పుటన కృతజ్ఞతలు ఉన్నాయి. యాత్రికుల నాయకుడికి, ఓడ సిబ్బందికి, యంత్రాన్ని బాగుచేసిన ఇంజనీరుకు, టైపిస్టుకు కూడా పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాము. కడిగిన మనిషి పేరు అందులో లేదు. ఆ పుట రాసింది నేనే. మరిచిపోయానని అంటే అబద్ధమవుతుంది. కారణం రాయవలసి వస్తే నా తొందరపాటు కూడా రాయవలసి వస్తుందని వెనుకాడాను. ఇప్పుడు రాస్తున్నాను. దక్షిణ ధ్రువపు మంచును మనం సరిగా కొలవగలిగామంటే, అందుకు కారణం శ్రీమతి నీలమ్మగారు. లోపాన్ని కనుగొన్నది వారే, దానిని తీసివేసినది కూడా వారే.

ఆ పైన మరో రెండు యాత్రల మంచు మన దగ్గరకు వచ్చింది. 1986లో వారికి సీనియర్ సహాయకురాలిగా పదోన్నతి లభించింది. ఈ నాలుగేళ్ళలో పనివేళల్లో వారి చేతులను గాజులతో చూసినవారు లేరు. దానిని గురించి బస్సులోనూ, క్యాంటీనులోనూ వచ్చిన గుసగుసలు వారి చెవిన పడకపోలేదు. "మా ఆయన మస్తుగున్నడు, మీ ఆయనను మంచిగ చూసుకో" అన్నదే వారి ఏకైక సమాధానమని వినికిడి. తలుపు మీది నియమాల కాగితాన్ని నేను మళ్ళీ టైపు చేయించాను, ఈసారి గాజులను కూడా చేర్చాను. ఆ పదం చేర్చమన్నది నీలమ్మగారే. ఇప్పుడు కడుగుగదిలో పనిచేసే యువతులు ముగ్గురూ ఆ నియమాన్ని సహజంగా పాటిస్తున్నారు. మొదట పాటించినవారికి అది ఎంత కష్టమైందో వారికి ఎవరైనా చెప్పాలి కదా అని ఇంత వివరంగా రాశాను. ఆ పసుపుపచ్చ లక్కగాజులలో మిగిలినది మన నమూనాల బీరువాలో చీటీతో సహా ఉంది, చూడగోరేవారు చూడవచ్చు.

కాశమ్మగారు 1985లో పరమపదించారు. నా మీద కోపం చివరిదాకా పూర్తిగా పోలేదని విన్నాను, అది న్యాయమే. ఆగయ్యగారు రైల్వే నుంచి విరమణ పొంది, ఉప్పు తగ్గించి, డాక్టర్లకు పెద్దగా పని చెప్పకుండా ఆరోగ్యంగా ఉన్నారు. గురువారం సాయంత్రం సభలో ముందు వరుసలో కూర్చుంటానని మాట ఇచ్చారు.

నీలమ్మగారూ, సభలో శాలువా కప్పేవారు కప్పుతారు, పూలదండ వేసేవారు వేస్తారు. దానికి ముందు, ఐదున్నరకు, ఒక్కసారి నా గదికి రండి. కుడివైపు పై సొరుగు తీసి, ఆ తెల్లని గుడ్డ మూటను చివరిసారిగా మీ చేతికి ఇస్తాను. ఇకమీదట మీ గాజులు తీయమని అడిగే హక్కు నాకే కాదు, ఈ భూమి మీద ఏ ప్రయోగశాలకూ లేదు. ఆ సొరుగులో మళ్ళీ కాగితాలు పెట్టడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది. మీకూ, ఆగయ్యగారికీ ఆయురారోగ్యాలు నిండుగా కలగాలనీ, మీ ఇద్దరి జీవితం ఇంకా ఎన్నో ఏళ్ళు చేతినిండా గాజుల చప్పుడుతో సాగాలనీ మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది. నాలుగేళ్ళుగా ప్రతి ఉదయం మీరు నాతో అన్న మాటను ఆ సాయంత్రం నేను మీతో అంటాను. జర పైలం, నీలమ్మగారూ.